సంత లెక్క, బడి లెక్క: పిల్లలను సంతకు తీసుకెళ్ళి పాఠం నేర్పడం ఎలా

మొదటిసారి ఏడో తరగతి పిల్లలను సంతకు తీసుకెళ్ళినప్పుడు ఇరవై ప్రశ్నలు అచ్చు వేయించి తలా ఒక కాగితం ఇచ్చాను. గంట తర్వాత చూస్తే సగం మంది చింతచెట్టు కింద కూర్చుని ఒకరి కాగితం చూసి ఒకరు నింపుకుంటున్నారు. మిగిలిన సగం చెరుకు రసం బండి చుట్టూ ఉన్నారు. టమాటా కిలో ఎంత అన్న ప్రశ్నకు ముప్పై మందీ ఒకే ధర రాశారు. ఆ రోజు సంతలో టమాటా మూడు నాలుగు ధరలకు అమ్ముడైంది. మర్నాడు లాభనష్టాల పాఠం మొదలుపెడితే ఒక్కరికీ సంత గుర్తుకు రాలేదు.

ఆ వైఫల్యం పిల్లలది కాదు. సంతకు తీసుకెళ్తే చాలు, పాఠం దానంతట అదే వస్తుందని నేను అనుకున్నాను. అనుభవం ఉన్నంత మాత్రాన చదువు రాదని అమెరికా విద్యా తత్వవేత్త జాన్ డ్యూయీ 1938లోనే రాశాడు. కొన్ని అనుభవాలు చదువుకు అడ్డం కూడా పడతాయన్నాడు. ఆయన మాట నాకు చెట్టు కింద కూర్చున్న పిల్లలను చూశాకే అర్థమైంది.

ఇంకో సంగతి కూడా తెలియాలి. 1985లో పరిశోధకులు కారాహెర్ దంపతులు, ష్లీమన్ కలిసి బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో సరుకులు అమ్మే ఐదుగురు పిల్లల లెక్కలు పరిశీలించి ప్రచురించారు. కొనడానికి వచ్చినవాళ్ళలా అడిగితే 98 శాతం జవాబులు సరిగ్గా చెప్పారు. అవే లెక్కలను తర్వాత కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే సరైనవి 37 శాతమే. కాయ 35 చొప్పున పది కొబ్బరికాయలు ఎంత అంటే, వాళ్ళలో ఒక కుర్రవాడు మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210, మరో మూడుకి 315, ఇంకొకటి వేస్తే 350 అని లెక్క కట్టాడు. పదితో గుణించడానికి పక్కన సున్నా పెడితే సరిపోతుందని బడిలో నేర్పిన కిటుకు అతనికి అక్కడ తోచలేదు. 2025లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు ఢిల్లీ, కోల్‌కతా బజార్లలో పనిచేసే పిల్లల మీద చేసిన పరిశోధన దీనికి రెండో వైపు కూడా చూపించింది. బజారు పిల్లలకు బడి లెక్క రాలేదు, బడి పిల్లలకు బజారు లెక్క రాలేదు.

అంటే రెండు లెక్కలూ ఒకటేనని పిల్లలకు ఎవరో ఒకరు చూపించాలి. ఆ పని సంతలో జరగదు, తిరిగి వచ్చాక తరగతి గదిలో జరుగుతుంది. కింద చెప్పిన పద్ధతి 6, 7, 8 తరగతులకు లెక్కలు చెప్పేవారి కోసం. దీనికి సంతకు ముందు రెండు పీరియడ్లు, సంతలో గంటన్నర, వచ్చాక కనీసం నాలుగు పీరియడ్లు కావాలి. ఆఖరి నాలుగు దొరకవనుకుంటే సంతకు వెళ్ళకండి. అది విహారయాత్ర అవుతుంది. విహారయాత్ర తప్పు కాదు, కానీ దానికి చెరువు గట్టు మేలు.

1. ముందు పాఠం ఎంచుకోండి

సంతలో లేని పాఠం లేదు. చిక్కు కూడా అక్కడే వస్తుంది. సాంఘికశాస్త్రం సారు దళారుల గురించి అడగమంటారు, తెలుగు టీచరు వ్యాసం రాయించమంటారు, సైన్సు టీచరు కుళ్ళిన కూరగాయలు తెమ్మంటారు. మొదటిసారికి అందరికీ దండం పెట్టి ఒక్క పాఠమే తీసుకోండి. ఆరో తరగతికి నిష్పత్తి, ఏకవస్తు పద్ధతి (ముందు ఒక్కదాని ధర కట్టి, దాన్నుంచి మిగతావి కట్టడం) బాగా కుదురుతాయి. ఏడుకు లాభనష్టాలు, ఎనిమిదికి శాతాలు, తగ్గింపు ధరలు. ఇక్కడ ఏడో తరగతి లాభనష్టాలను ఉదాహరణగా తీసుకుంటున్నాను.

పాఠాన్ని ఒక ప్రశ్నగా మార్చాలి. "లాభనష్టాలను అవగాహన చేసుకొనుట" అని పాఠ్య ప్రణాళికలో రాసుకునేది ప్రశ్న కాదు. "టమాటాలు అమ్మే అమ్మ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమెకు ఎంత మిగులుతుంది?" అన్నది ప్రశ్న. దానికి జవాబు పుస్తకంలో దొరకదు, మీకూ తెలియదు. ఉపాధ్యాయుడికి నిజంగానే జవాబు తెలియకపోవడం ఈ పద్ధతిలో చాలా పెద్ద సాయం. పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు.

2. ఒంటరిగా ఒకసారి వెళ్ళి రండి

పిల్లలతో వెళ్ళడానికి వారం ముందు, అదే వారపు సంతకు, అదే వేళకు ఒక్కరే వెళ్ళండి. మీరు చూడాల్సింది ధరలు కాదు, మనుషులను.

అన్నిటికంటే ముందు బోణీ సంగతి. ఇంకా బోణీ కాని దుకాణం ముందు ఐదుగురు పిల్లలు నిలబడి ధర అడిగి, రాసుకుని, కొనకుండా వెళ్ళిపోతే ఆ అమ్మకు ఎలా ఉంటుందో ఆలోచించండి. మొదటిసారి మాకు తగిలిన చీవాట్లు సబబైనవే. కాబట్టి ఉదయం తొలి బేరాల వేళ వద్దు, బాగా రద్దీగా ఉన్న వేళా వద్దు. మా సంతలో పదకొండు దాటాక కాస్త సందడి తగ్గుతుంది. మీ దగ్గర అది ఏ వేళో మీరే చూడాలి.

ఐదారుగురు అమ్మకందారులతో ముందే మాట్లాడి పెట్టుకోండి. వచ్చే వారం పిల్లలు వస్తారు, కొంటారు, నాలుగు ప్రశ్నలు అడుగుతారు, చెప్పడం ఇష్టమేనా అని అడగండి. కొన్నవెల చెప్పడానికి చాలామంది ఇష్టపడరు. అది వాళ్ళ వ్యాపార రహస్యం. ఒప్పుకున్న వాళ్ళ దగ్గరికే పిల్లలను పంపాలి. సంతలో ఆశీలు (సంత పన్ను) వసూలు చేసే వాళ్ళకు కూడా ఒక మాట చెప్పి ఉంచితే, ఎవరో తనిఖీకి వచ్చారన్న పుకారు పుట్టదు.

మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకోండి. ఆడపిల్లలు నీళ్ళు తాగడం మానేసి సంతకు వచ్చే పరిస్థితి తేకూడదు. ఎక్కడా లేకపోతే దగ్గరలో ఒక ఇంటివాళ్ళను అడిగి పెట్టుకోవాలి. ప్రధానోపాధ్యాయుల అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, ప్రథమ చికిత్స పెట్టె, పది మందికి ఒక పెద్దవారు వంటివి మీకు తెలిసినవే. పాఠశాల యాజమాన్య కమిటీలోని తల్లుల్లో ఎవరో ఒకరు తోడు వస్తే, బేరంలో వాళ్ళంత గురువులు దొరకరు.

అనుమతి దగ్గర ఎవరైనా నసిగితే, జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తుల వాళ్ళ దగ్గర నేర్చుకునే ఏర్పాటు ఉండాలని చెప్పిందని గుర్తుచేయండి. కాగితం మీద ఉన్న మాటలు ఇలాంటప్పుడు ఉపయోగపడతాయి.

3. ముందు రోజు: అంచనా వేయించండి

టమాటాల అమ్మకు రోజుకు ఎంత మిగులుతుందో ప్రతి పిల్లా ఒక చీటీ మీద రాయాలి. ఎందుకు అంత అనుకుంటున్నారో ఒక వాక్యం కూడా రాయాలి. చీటీలన్నీ ఒక కవరులో వేసి, అంటించి, బీరువాలో పెట్టేయండి. ముందుగా తను ఏమనుకున్నాడో రాసిపెట్టని పిల్లవాడు తర్వాత "ఇది నాకు ముందే తెలుసు" అంటాడు. మనమూ అంతే కదా.

తర్వాత ఐదుగురు చొప్పున జట్లు చేయండి. జట్టుకు ఒక దుకాణం. ప్రతి జట్టులో ఒకరు అడుగుతారు, ఒకరు రాస్తారు, ఒకరు డబ్బు చూస్తారు, ఒకరు తూకం చూస్తారు, ఒకరు పక్క దుకాణంలో ఏం జరుగుతోందో గమనిస్తారు. అడిగే పని వాగుడుకాయకు ఇవ్వకండి. మాట పెగలని పిల్లకు ఇచ్చి, తరగతిలోనే రెండుసార్లు సాధన చేయించండి. ఒకరు అమ్మే అవ్వ, ఒకరు కొనే పిల్ల. "అవ్వా, మేము బడి నుంచి వచ్చాం" అన్న మొదటి వాక్యం నోటికి వస్తే మిగతావి అవే వస్తాయి.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం. మీ తరగతిలో సంతలో అమ్మే వాళ్ళ పిల్లలు ఉండవచ్చు. తల్లి గంప ముందు కూర్చుని ఉంటే, తోటివాళ్ళు పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడగడం ఆ బిడ్డకు ఎలా ఉంటుందో ముందే పక్కకు పిలిచి అడగండి. ఇష్టం లేదంటే ఆ దుకాణం వదిలేయండి. ఇష్టమేనంటే ఆ పిల్లను ఆ రోజుకు మార్గదర్శిగా పెట్టండి. మా తరగతిలో ఎప్పుడూ వెనక బల్ల మీద కూర్చునే అమ్మాయి ఆ రోజు నాకే తక్కెడలో ధడం, అంటే రెండు తట్టలూ సమంగా ఉన్నాయో లేదో, ఎలా చూడాలో నేర్పింది.

4. సంతలో: కొనాలి, ఊరికే చూడకూడదు

జట్టుకు 60 రూపాయలు ఇవ్వండి. మధ్యాహ్న భోజనం వండే అమ్మతో ముందే మాట్లాడి, ఆమెకు కావలసిన కూరగాయలే కొనిపించండి. ముప్పై మందికి ఆరు జట్లు, మొత్తం 360 రూపాయలు. సాంబారులో పడే వంకాయను ఎంచి కొనడం వేరు, కాగితంలో ధర రాసుకోవడం వేరు. పుచ్చు వంకాయ తెచ్చిన జట్టు సంగతి వంటామె చూసుకుంటుంది, మీరు ఏమీ అనక్కరలేదు.

రాసుకోవడానికి ప్రశ్నల పట్టిక ఇవ్వకండి. పుస్తకంలో ఒక పేజీని మూడు నిలువు గడులు చేయించండి: చూసింది, విన్నది, నేను అనుకున్నది. మూడో గడి చాలా విలువైనది. "అవ్వ పెద్ద టమాటాలు పైన పెట్టింది" అన్నది చూసింది. "చిన్నవి అడుగున దాచిందేమో" అన్నది అనుకున్నది. ఈ రెంటినీ విడదీయడం నేర్చుకుంటే చాలు, ఆ పిల్లలు రేపు సైన్సు ప్రయోగశాలలో కూడా పనికొస్తారు.

తూకం చూసే పిల్ల ప్రతిసారీ ముందు చేత్తో పట్టుకుని బరువు అంచనా చెప్పాలి, తర్వాతే కాటా మీద పెట్టాలి. నాలుగైదు సార్లయ్యాక అంచనా ఎంత దగ్గరికి వస్తుందో మీరే చూస్తారు. తూకపు రాళ్ళ మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉంటుందని చెప్పవచ్చు. కానీ వెతికి, బయటికి చదివి, ఇది లేదేమిటి అని అడిగించకండి. మనం పాఠం కోసం వచ్చాం, తనిఖీ కోసం కాదు.

ఈ గంటన్నరలో ఉపాధ్యాయుడి పని నోరు మూసుకుని ఉండడం. ఇది రాసినంత సులువు కాదు. పిల్లవాడు కిలో 30 రూపాయల టమాటా ముప్పావుకిలో తీసుకుని చిల్లర లెక్క తప్పుతుంటే నాలుక చివరిదాకా వచ్చేస్తుంది. ఆగండి. అవ్వ సరిచేస్తుంది. ఆమె సరిచేసిన తీరు మీకు రేపు నల్లబల్ల మీద రాసి చూపించడానికి పనికొస్తుంది.

5. మర్నాడు: ఇక్కడే అసలు పాఠం

మొదటి పీరియడ్‌లో సుద్దముక్క ముట్టుకోవద్దు. ఒక్కో జట్టూ జరిగింది చెప్పాలి, అంతే. ఎవరు కసురుకున్నారు, ఎవరు జామకాయ ఇచ్చారు, ఎక్కడ బేరం కుదిరింది. మాటల మధ్యలో లెక్క పడిన చోటల్లా మీరు పుస్తకంలో గుర్తు పెట్టుకోండి.

రెండో పీరియడ్‌లో నల్లబల్లను నిలువుగా రెండు చేయండి. ఎడమ వైపు "సంత లెక్క", కుడి వైపు "బడి లెక్క". కిలో 40 రూపాయల బెండకాయలు 700 గ్రాములు తూగాయి. అవ్వ ఏమంది? "అరకిలో ఇరవై, రెండు వందల గ్రాములు ఎనిమిది, మొత్తం ఇరవై ఎనిమిది." అది ఎడమ వైపు ఆమె మాటల్లోనే రాయండి. కుడి వైపు ఏకవస్తు పద్ధతి: 1000 గ్రాములు 40 రూపాయలైతే 1 గ్రాము 0.04, 700 గ్రాములు 28. ఇప్పుడు పిల్లలను అడగండి: అవ్వ 700ని ఎందుకు 500, 200గా విడదీసింది? మనం 1 గ్రాము దాకా ఎందుకు దిగాం? ఏ పద్ధతి ఎప్పుడు తేలిక? 730 గ్రాములైతే అవ్వ ఏం చేస్తుంది? పోనీ అని చిల్లర సర్దేస్తుందా? ఈ చర్చకు ఒక పీరియడ్ మొత్తం పోతే పోనివ్వండి. పైన చెప్పిన పరిశోధనల్లో పిల్లలకు అందకుండా పోయింది ఈ ముడే.

తర్వాత కొసరు. కిలో 30 రూపాయలకు కొంటే అవ్వ 50 గ్రాములు కొసరు వేసింది. ఎంత శాతం తగ్గించినట్టు? పిల్లలందరూ 5 అంటారు. కొసరు 1000కి 50, కాబట్టి 5 శాతం, అది నిజమే. కానీ 30 రూపాయలకు 1050 గ్రాములు వచ్చాయంటే కిలో 28 రూపాయల 57 పైసలు పడింది. ధర తగ్గింది 4.76 శాతం. ఒకే కొసరుకు రెండు శాతాలా అని తరగతి గోల చేస్తుంది. దేని మీద శాతం అన్న ప్రశ్న అప్పుడు వాళ్ళదవుతుంది. నేను పదేళ్ళు "దేని మీద లెక్కిస్తున్నామో చూడండి" అని అరిచి సాధించలేనిది ఒక గుప్పెడు కొసరు సాధించింది.

ఇప్పుడు పెద్ద ప్రశ్న. కిందటి సంత రోజు గురించి టమాటాల అమ్మను అడిగి మా జట్టు ఒకటి తెచ్చిన లెక్క ఇది. ఆ అమ్మ 25 కిలోల పెట్టె 500 రూపాయలకు కొంది. ఉదయం కిలో 30 చొప్పున 12 కిలోలు అమ్మింది, మధ్యాహ్నం 25 చొప్పున 8, సాయంత్రం 15 చొప్పున 3. మిగిలిన 2 కిలోలు నలిగి, కుళ్ళిపోయాయి. ఆటోకు 50, ఆశీలు 20.

సంతకు వెళ్ళకముందు చాలామంది లెక్క సూటిగా ఉంది: కిలోకు 10 మిగులుతుంది, 25 కిలోలకు 250. వచ్చాక వేసింది: 360, 200, 45 కలిపి 605. అందులో 500, 70 తీసేస్తే 35.

కవరు తెరవాల్సింది ఇప్పుడే. మా కవరులో అతి తక్కువ అంచనా 150, అతి ఎక్కువ 1000. ఎవరి చీటీ వాళ్ళకే ఇచ్చి, నా అంచనా ఎక్కడ తప్పింది అన్నదాని మీద అర పేజీ రాయమనండి. కుళ్ళిపోయిన రెండు కిలోలు మరిచాను, సాయంత్రం ధర పడిపోతుందని తెలియదు, ఆటో గుర్తుకు రాలేదు. కొన్నవెలకు అదనపు ఖర్చులు కలపాలని పాఠంలో ఉన్న వాక్యం అప్పటికే వాళ్ళ చేతిరాతలో ఉంటుంది. లాభశాతం 500 మీద కట్టాలా, 570 మీద కట్టాలా అన్నది వాళ్ళ చేత వాదించనివ్వండి. పుస్తకం ఏమంటుందో ఆ తర్వాత తెరిచి చూడండి.

6. సంత లేకుండా అడగండి

నాలుగో పీరియడ్‌లో పిల్లలకు సంతతో సంబంధం లేని లెక్కలు ఇవ్వాలి. ఒక దుకాణదారుడు 40 కుర్చీలు కొన్నాడు, రవాణా ఇంత, రెండు విరిగిపోయాయి. ఇది టమాటాల లెక్కేనని ఎంతమంది గుర్తుపడతారో చూడండి. గుర్తుపట్టనివాళ్ళను నల్లబల్ల ఎడమ వైపుకు తీసుకెళ్ళి, ఇక్కడ కుర్చీ ఏది, ఆటో ఏది అని అడగండి. తర్వాత తిరగవేయండి: పుస్తకంలోని ఒక ఉత్త అంకెల లెక్క ఇచ్చి, దీన్ని సంతలో జరిగిన బేరంగా చెప్పమనండి. ఇది మొదటిదానికంటే కష్టం. అది చేయగలిగిన పిల్లకు లెక్క నిజంగా వచ్చినట్టే.

మార్కుల సంగతి క్లుప్తంగా చెప్తాను. సంత గురించి అందంగా రాసిన నివేదికకు, రంగు కాగితాల చార్టుకు మార్కులు వేయకండి. అవి ఇంట్లో అక్కయ్యలు చేసిపెడతారు. మూడు గడుల పేజీకి, అంచనా ఎక్కడ తప్పిందో రాసిన అర పేజీకి, రెండు వారాల తర్వాత చెప్పకుండా పెట్టే ఐదు లెక్కల పరీక్షకు వేయండి.

7. వీలైతే: అమ్మమ్మల కొలతలు

ఇది తప్పనిసరి కాదు, కానీ నాకు మనసైన భాగం. ఇంట్లో పాత సోల, తవ్వ, మానిక ఉంటే తెమ్మనండి. ప్రయోగశాలలోని కొలజాడీతో నీళ్ళు పోసి కొలిపించండి. రెండు ఇళ్ళ మానికలు ఒకేలా ఉండవు, అది కూడా పాఠమే. మా వైపు వాడుకలో 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక, 2 మానికలు ఒక అడ్డ, 2 అడ్డలు ఒక కుంచం. గిద్ద నుంచి కుంచం దాకా ఎన్ని రెట్లో లెక్క కట్టిస్తే 64, అంటే 2కి ఆరో ఘాతం. ఘాతాంకాల పాఠానికి ఇంతకంటే మంచి తలుపు నాకు దొరకలేదు. దేశమంతా కిలోలు, గ్రాములు తప్పనిసరి అయింది 1962 ఏప్రిల్ నుంచి. పాత తూకమైన వీశెల్లో బేరమాడిన అవ్వలు ఊళ్ళో ఇంకా ఉంటే పిలిచి కూర్చోబెట్టండి.

పట్నంలో అయితే

సంత లేని చోట రైతుబజారు ఉంటుంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ బజార్లలో ధరలు బోర్డు మీద రాసి పెడతారు, అమ్మేది చాలావరకు పండించినవాళ్ళే. బేరం పాఠం పోతుంది కానీ, అదే రోజు బయట బండి మీద ధరతో పోల్చే అవకాశం వస్తుంది. శాతాల పాఠానికి అది చాలు. పెద్ద పెద్ద మాల్‌లకు మాత్రం తీసుకెళ్ళకండి. అక్కడ పిల్లలతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు, కొన్నవెల ఎవరికీ తెలియదు.

8. లెక్క తిరిగి చూపించండి

తర్వాతి వారం ఒక్కో జట్టు నుంచి ఒకరిద్దరు చాలు, మళ్ళీ అదే దుకాణానికి వెళ్ళాలి. మా లెక్క సరైనదేనా అని ఆ దుకాణం ఆమెనే అడగాలి. చాలామంది ఈ పని వదిలేస్తారు, నేనూ మొదట్లో వదిలేశాను.

మా టమాటాల జట్టులోని అమ్మాయి పుస్తకం తెరిచి "నీకు 35 రూపాయలు మిగిలింది అవ్వా" అంది. ఆమె నవ్వింది. సాయంత్రం అమ్మిన ఆ మూడు కిలోలూ డబ్బుకు కాదట, పక్కామె దగ్గర వంకాయలకు మార్చుకుందట. అందులో సగం వండుకున్నారట. "మరి పొద్దున్నుంచి కూర్చున్నందుకు నా కూలి ఏ గడిలో రాశావమ్మా?" అని అడిగింది. అమ్మాయి నా వైపు చూసింది. నేను పుస్తకం వైపు చూశాను. ఆ వంకాయలను ఏ ధరకు రాయాలో, కూలిని కొన్నవెలలో కలపాలో వద్దో తేలక, ఆ మరుసటి సోమవారం మా ఐదో పీరియడ్ మొదలైంది.